హార్డ్ డిస్క్ టక్ టక్ అంటే ముందుగాల చెయ్యి ఆపుండ్రి

మాది సిద్దిపేట జిల్లాల ఒక మండల కేంద్రం. బస్టాండ్ ఎన్క చిన్న ఫొటో స్టూడియో నడుపుకుంట బతుకుతున్న. లగ్గాలు, పుట్టెంటికలు, బోనాలు, కొమురెల్లి జాతరకు పోయెటోళ్ల వీడియోలు - ఏది పిలిస్తే అది తీస్త. తీసినయన్ని ఒక రెండు టీబీల ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ల ఏస్త. పోయిన మాఘమాసంల, పెండ్లిళ్ల సీజన్ జోరు మీదున్నప్పుడు, ఆ డిస్క్ మొరాయించింది.

దాంట్ల ఇంకా ఆల్బమ్ ఇయ్యని లగ్గాలు నాలుగున్నయి. అది పైసల ముచ్చట, పరువు ముచ్చట. కానీ ఇంకో చిన్న ఫోల్డర్ కూడ ఉంది. మా నాయినమ్మ పాటలు. నాట్ల కాడ, బతుకమ్మ కాడ, ఇసుర్రాయి కాడ పాడిన పాటలు 14, ఇంట్లనే కూసోబెట్టి మైకు పెట్టి రికార్డు చేసిన. ఆమె పోయి అప్పటికి రెండేండ్లు. ఆ పాటలు ఆ డిస్క్‌ల తప్ప ఇంకోకాడ లెవ్వు. లగ్గాల వీడియోలు తీసి పది మందికి పంచేటోని ఇంట్ల, సొంత నాయినమ్మ గొంతు ఒక్క తాననే ఉంది. దీన్ని ఏమనాల్నో మీరే చెప్పుండ్రి.

ఆ రాత్రి ఏం జరిగిందంటే, ఫోల్డర్ ఒత్తితే తెరుసుకోనికె రెండు నిమిషాలు పట్టింది. పైన పచ్చ గీత మెల్లగ పాకుతనే ఉంది. మధ్యమధ్యల లోపల్నుంచి 'టక్' అని ఒక సప్పుడు. నేను గాబరపడ్డ. వైరు పీకి పెట్టిన, మళ్ల పీకి పెట్టిన, గట్ల ఆరుసార్లు. అరచేత్తో ఒక దెబ్బ కూడ ఏసిన, పాత టీవీకి ఏసినట్టు. అప్పుడు విండోస్ అడిగింది: ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలె, చెయ్యాల్నా అని. ఒద్దన్న, అంతవరకు బుద్ధి పనిచేసింది. కానీ యూట్యూబ్‌ల ఎవలో చెప్పింది చూసి చెక్ డిస్క్ అనే రిపేర్ కమాండ్ కొట్టిన. నలభై నిమిషాలు నడిచి 11 శాతం కాడ ఆగిపోయింది.

హైదరాబాద్‌ల ఒక కంపెనీల సర్వర్లు చూసుకునే మా చిన్నమ్మ కొడుక్కు అప్పుడు ఫోన్ చేసిన. నేను మొత్తం చెప్పకముందే వాడు అన్న మొదటి మాట: "అన్నా, ముందుగాల అది ఆపు. తర్వాత మాట్లాడుదం."

నేను ఇయ్యాల రాసేదంతా ఆ మాట ఎందుకన్నడో చెప్పనికే. ఖరాబైతున్న డిస్క్‌ను బాగుచెయ్యాలనే ఆరాటమే దాంట్ల ఉన్నదాన్ని చంపుతది. డిస్క్ పోతె పోనీ, అది మూడు నాలుగు నెలల పెట్రోల్ ఖర్చు. లోపల ఉన్నది బయటికి తీసుడే పని. ఈ రెండూ వేరే వేరే పనులని నాకు ఆ రాత్రి దాక ఎర్క లేదు.

డిస్క్ లోపల ఏముంటదో జర తెలిస్తే ఇది సమజయితది. అయస్కాంతం పూత ఉన్న నున్నటి ప్లేట్లు ఉంటయి. మనం జేబుల ఏసుకపోయే రకం డిస్కుల్ల అవి ఎక్కువ వరకు నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతయి, అంటే సెకనుకు 90. వాటి మీద చదివే ముల్లు లాంటిది ఉంటది, దాన్ని హెడ్ అంటరు. అది ప్లేటుకు తాకదు, గాలి మీద తేలుతది. ఎంత ఎత్తుల అంటే కొన్నే నానోమీటర్లు. మన వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు ఉంటదనుకుంటె, ఆ సందు ఎంత సన్నమో లెక్కేసుకోండ్రి. ధూళి కణం దాని ముంగట బండరాయి. డిస్క్ కింద పడ్డా, తిరిగేటప్పుడు దెబ్బ తగిలినా ఆ హెడ్ ప్లేటుకు గీసుకుంటది. గీసుకున్న కాడ పూత లేస్తది, ఆ లేసిన పొడి ఇంకోకాడ గీకుతది. నడిపిన కొద్ది దెబ్బ పెద్దగయితది. నేను అరచేత్తో కొట్టిన ముచ్చట చెప్తే మా తమ్ముడు కొద్దిసేపు ఏం మాట్లాడలే.

పొలంల మడులున్నట్టే ప్లేటు మీద సెక్టార్లుంటయి. ఒక సెక్టార్ చదవరాకపోతే డిస్క్ ఊకోదు, మళ్ల మళ్ల చదువుతది. మనకు స్క్రీన్ మీద కనిపించే ఆ పచ్చ గీత, ఆ హ్యాంగ్ అయ్యుడు అదే. అది మొండిగ పనిచేస్తున్నదని మనం అనుకుంటం, నిజానికి అది అరిగిపోతున్నది.

అయితే సప్పుళ్లన్ని ఒక్కతీరు కావు. పెట్టంగనే టక్ టక్ టక్ అని ఒకే లయల కొట్టుకుంట కంప్యూటర్‌కు అసలు కనిపించకపోతే, హెడ్ తన జాగ దొరకపట్టలేక వాపస్ పోతున్నట్టు. బీప్ లెక్క సన్నగ మూలిగితే మోటర్ తిరగలేకపోతున్నట్టు, హెడ్ అతుక్కున్నా అంతే, కరెంటు సాలకున్నా అంతే. ఈ రెంటిల ఏదున్నా ఇంట్ల చేసే పని ఏం లేదు, ఆపి పక్కకు పెట్టుడే. నా డిస్క్ గట్ల కాదు. ఫోల్డర్లు కనిపిస్తున్నయి, ఆగి ఆగి అప్పుడొకటి అప్పుడొకటి టక్ అంటున్నది. ఇంకా కొంత ఊపిరి ఉన్నట్టు.

తప్పు డిస్క్‌ది కాకపోవచ్చు కూడ, అది ముందు తేల్చుకోవాలె. పాత యూఎస్‌బీ 2 పోర్ట్ ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 పోర్ట్ 900. హబ్ పెట్టి దానికి ఇంకో మూడు తగిలిస్తే డిస్క్‌కు కరెంటు సాలదు. పొడుగు వైరు, వంగి వంగి లోపల తెగిన వైరు, డెస్క్‌టాప్ ముంగట ఉండే వదులు పోర్ట్ - వీటితో కూడ డిస్క్ వచ్చి పోతుంటది. ఇంకో మంచి వైరుతోటి, కంప్యూటర్ ఎన్కదిక్కు పోర్ట్‌ల, హబ్ లేకుంట ఒక్కసారి పెట్టి చూడుండ్రి. ఒక్కసారే. నా లెక్క ఆరుసార్లు కాదు.

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. డిస్క్ తన ఆరోగ్యం తానే రాసుకునే పట్టీ ఒకటుంటది, దాని పేరు స్మార్ట్. ఈ సాఫ్ట్‌వేర్ ఆ పట్టీని చదివి చూపిస్తది. నీలం ఉంటే మంచిదే, పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే అయిపోయినట్టే. నిజంగ చూడాల్సిన వరుసలు మూడే: 05, సీ5, సీ6. పాడైన మడుల బదులు వేరే మడులు ఎన్ని ఇచ్చిందో 05 చెప్తది. చదవరాక అనుమానంల పెట్టినయి సీ5. ఇగ రావని తేల్చినయి సీ6. సీ7 పెరుగుతుంటే మాత్రం ఎక్కువసార్లు వైరు తప్పు. ఒక మెలిక ఉంది, చివరి గడిల అంకెలు మామూలుగ హెక్సాల ఉంటయి. 10 అని కనిపిస్తే అది పదహారు. కొన్ని ఎక్స్‌టర్నల్ డబ్బాలు ఈ పట్టీని బయటికి చూపియ్యనే చూపియ్యవు.

పట్టీ మంచిగుంది గదా అని బేఫికర్‌గ ఉండొద్దు. గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగ డిస్కుల లెక్క తీసి 2007ల ఒక పేపర్ రాసిండ్రు. స్కాన్‌ల మొదటి తప్పు పడ్డ డిస్క్ తర్వాతి 60 రోజుల్ల ఖరాబయ్యే అవకాశం, తప్పు పడని దానికన్న 39 రెట్లు ఎక్కువని తేలింది. అదే పేపర్ల ఇంకో మాట కూడ ఉంది: చెడిపోయిన డిస్కుల్ల సగానికి పైగ ఆ పట్టీల ముఖ్యమైన నాలుగు గుర్తుల్ల ఏదీ చూపకుంటనే చెడిపోయినయి. అంటే పట్టీ చెడు చెప్తే నమ్మాలె, మంచి చెప్తే సగమే నమ్మాలె. నా దాంట్ల సీ5 పసుపు రంగుల ఉంది, పావు గంటల అంకె పెరిగింది.

ఇగ అప్పుడు ఏం చేసినం, ఏం చెయ్యలేదు.

ఫార్మాట్ ఒద్దు. మన తాన కంప్యూటర్‌కు ఏ రోగం వచ్చినా 'ఫార్మాట్ కొట్టు' అనెటోళ్లే ఎక్కువ. చెక్ డిస్క్ ఒద్దు. అది ఫైళ్ల పట్టికను సరిచేస్త అని డిస్క్ మీదనే రాస్తది, తెగిపోయిన ముక్కలకు పేర్లు మార్చి ఒక కొత్త ఫోల్డర్ల ఏస్తది. నేను కొట్టిన కమాండ్ చేసింది అదే. డీఫ్రాగ్ ఒద్దు, యాంటీ వైరస్ స్కాన్ ఒద్దు. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే డిస్క్‌ల ఎక్కించుడు, దొరికిన ఫైళ్లను మళ్ల అదే డిస్క్‌ల ఏసుడు అసలే ఒద్దు. ప్లాస్టిక్ కవర్ల చుట్టి ఫ్రిజ్‌ల పెడితే బాగయితదని ఒక పుకారు ఉంది, బయటికి తీయంగనే లోపల తడి పడుతది. మూత ఇప్పి చూసుడు గురించి ఇంక చెప్ప పనే లేదు, నానోమీటర్ల ముచ్చట పైననే చెప్పిన.

ముందు, తీసింది ఏసుకోనికె ఇంకో డిస్క్ కావాలె, దీనికన్న పెద్దది. తెల్లారి సిద్దిపేట పోయి నాలుగు టీబీలది కొనుక్కొచ్చిన. అప్పటిదాక పాత దాన్ని ముట్టలే. డెస్క్‌టాప్ పక్కకు పెట్టి ల్యాప్‌టాప్ తీసుకున్నం, ఎందుకంటే మా తాన కరెంటు ఎప్పుడు పోతదో ఎవలకెర్క. కాపీ నడుమ కరెంటు పోతె ఆ డిస్క్ మళ్ల లేస్తదన్న నమ్మకం లేదు. ల్యాప్‌టాప్ నిద్రపోకుంట సెట్టింగ్ మార్చినం. డిస్క్‌ను బల్ల మీద సమంగ పెట్టి పక్కన చిన్న ఫ్యాన్ పెట్టినం, వేడెక్కకుంట.

ముందు ఏది తియ్యాలె? ఇక్కడ నేనూ తమ్ముడూ కొట్లాడుకున్నం. లగ్గాలు ముందు తీద్దమన్న, పైసలిచ్చిండ్రు గదా. వాడు అన్నడు: "వీడియోలు 900 జీబీలు, పాటలు అర జీబీ కూడ లెవ్వు. పాటలు పది నిమిషాల పని. లగ్గాలు మధ్యల డిస్క్ పోతే రెండూ పోతయి." వాడు చెప్పిందే లెక్క. చిన్నవి, ఇంకోకాడ లేనివి ముందు. మీ ఇంట్ల అయితే సర్టిఫికెట్లు, పట్టాదారు పాసుబుక్కు ఫొటోలు, పోయినోళ్ల ఫొటోలు ముందు. సినిమాలు మళ్ల దొరుకుతయి.

ఫోల్డర్ తెరిచేటప్పుడు బొమ్మలు కనిపించే తీరుల పెట్టొద్దు, వట్టి పేర్ల పట్టీ తీరుల పెట్టుకోవాలె. లేకుంటే ఆ చిన్న బొమ్మలు చూపియ్యనికే కంప్యూటర్ ఒక్కో ఫైల్‌ను తెరుస్తది, ఆ కష్టమంతా సగం సచ్చిన హెడ్ మీదనే. మామూలు కాపీ ఒక్క ఫైల్ కాడ తట్టుకుంటే మొత్తం ఆగుతది. విండోస్‌ల రోబోకాపీ అని ఉంటది, అది తట్టుకున్నదాన్ని ఇడిసిపెట్టి ముంగటికి పోతది. కానీ మనం చెప్పకపోతే అది ఒక్కో ఫైల్‌ను 10 లక్షల సార్లు, సారికి 30 సెకన్లు ఆగుకుంట ప్రయత్నం చేస్తది. ఒక్కసారి చూడు, ఒక్క సెకను ఆగు అని దానికి చెప్పాలె. గట్ల పాటల ఫోల్డర్ నుంచి తొమ్మిది వచ్చినయి. ఐదు రాలే.

మిగిలింది తియ్యనికి లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తోటి ల్యాప్‌టాప్ లేపినం. దాంట్ల డీడీరెస్క్యూ అనే ఉచిత పనిముట్టు ఉంటది. ఇది ఫైళ్లను చూడదు. డిస్క్ మొత్తాన్ని మొదటి మడి నుంచి చివరి మడి దాక అచ్చంగ ఇంకో డిస్క్‌ల ఒక పెద్ద ఫైల్ లెక్క దించుతది. వరికోత మిషన్ యాది చేసుకోండ్రి. నిలబడ్డ వరిని ముందు కోసుకపోతది, పడిపోయిన మడిని ఇడిసిపెడుతది, తర్వాత మనం కొడవలి పట్టుకొని ఆ మడిలకు దిగుతం. ఇదీ అంతే. మంచి జాగలన్ని ముందు తీసుకుంటది, తట్టుకున్న కాడ ఎగిరి ముంగటికి పోతది, ఎక్కడెక్కడ ఇడిసిందో ఒక మ్యాప్ ఫైల్‌ల రాసుకుంటది. నడుమ ఆపినా మళ్ల మొదటి నుంచి మొదలువెట్టదు, మ్యాప్ చూసి మిగిలిన కాడికే పోతది. ఆ మ్యాప్ ఫైల్ పేరు ఇయ్యకుంట నడిపితే మాత్రం ఈ సుఖం ఉండదు.

భయపడాల్సింది ఒక్కటుంది. ఏ డిస్క్ నుంచి ఏ డిస్క్‌కు అనేది ఉల్టా రాస్తే కొత్త ఖాళీ డిస్క్‌ను తెచ్చి పాతదాని మీద రుద్దుతది. పేర్లు, సైజులు రెండుసార్లు చదివి, ఇంకొకనితోటి చదివిపిచ్చి అప్పుడు ఎంటర్ కొట్టినం. నేను చదివిన, తమ్ముడు వీడియో కాల్‌ల చూసిండు.

మంచి డిస్క్ అయితే సెకనుకు 100 ఎంబీల లెక్కన ఒక టీబీ మూడు గంటల లోపట అయితది. మాది మూడు రోజులు నడిచింది. రెండో రాత్రి నేను స్టూడియోలనే పన్న. మొత్తం అయినంక పాత డిస్క్‌ను పీకేసినం, అటెన్క దాని ముఖం చూడలే. వెతుకుడంతా ఆ దించిన కాపీ మీదనే. టెస్ట్ డిస్క్, ఫోటోరెక్ అని రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లున్నయి, చెడిన పట్టికను మొదటిది చూస్తది, రెండోది పట్టికతో పని లేకుంట ఫైల్ ఆనవాలు పట్టి తీస్తది. ఫోటోరెక్ తీసినవాటికి పేర్లుండవు. వేల ఫైళ్లు, అన్నిటికి అంకెలే పేర్లు. ఒక్కోటి ఇనుకుంట, చూసుకుంట వారం గడిచింది.

లగ్గాలు నాలుగింటిల మూడు పూర్తిగ దొరికినయి. నాలుగోదాంట్ల అప్పగింతల క్లిప్పులు రెండు పోయినయి. ఆ ఇంటికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పి కొంత పైసలు వాపస్ ఇచ్చిన. పెండ్లిపిల్ల తల్లి ఏమనలే, అదే ఎక్కువ బాధ. పాటల్ల రెండు, చెక్ డిస్క్ పేరు మార్చి పారేసిన ముక్కల్ల దొరికినయి. ఒకటి నడుమల తెగుతది. రెండు రాలే. ఆరుసార్లు పీకి పెట్టిన ఆ గంట, ఆ నలభై నిమిషాల రిపేర్ లేకుంటే అవి వచ్చేవా? తమ్ముని అడిగిన. "చెప్పలేం అన్నా" అన్నడు. నా మీద జాలితోటే అన్నడనిపించింది.

అందరి తాన ల్యాప్‌టాప్ ఉండదు, లైనక్స్ చేసే తమ్ముడు ఉండడు. అట్లనైతే తెలిసినోళ్ల తానకు పట్కపోండ్రి, కానీ డిస్క్ మీద కాయితం అతికించి 'ఫార్మాట్ కొట్టొద్దు, రిపేర్ చెయ్యొద్దు' అని రాయుండ్రి. నేను తమాషకు చెప్తలేను. మీరు టీ తాగి వచ్చేలోపట కొట్టేసి 'అన్నా, సెట్ అయింది' అంటరు. సప్పుడు గట్టిగున్నా, డిస్క్ కనిపించకున్నా, నీళ్లల్ల పడ్డా హైదరాబాద్‌ల డేటా రికవరీ ల్యాబుల తానకే పోవాలె. ధూళి లేని గది, దాన్ని క్లీన్ రూమ్ అంటరు, మీ తాన ఉందా అని అడగాలె. బల్ల మీదనే మూత ఇప్పుతమంటే వాపస్ తెచ్చుకోవాలె. డేటా రాకపోతే ఎంత కట్టాల్నో ముందే రాపిచ్చుకోవాలె. ఆ ఖర్చు వేలల్ల ఉంటది, ఒక్కోసారి లక్ష దిక్కు పోతది. నేను వెనుకాడింది దానికే. అయినా నా డిస్క్ ఇంకా గట్టిగ టక్ టక్ అన్నదుంటే లగ్గాల కోసం పోకపోయినా పాటల కోసం పోతుంటినేమో. బండి మీద పోయేటప్పుడు డిక్కీల పడేయకుంట బట్టల చుట్టి సంచిల ఒళ్లె పెట్టుకోండ్రి.

ఎస్ఎస్‌డీ అయితే ఈ సప్పుళ్లుండవు, దాంట్ల తిరిగేదేం లేదు. మంచిదే, కింద పడ్డా తట్టుకుంటది. కానీ పోయేటప్పుడు కూడ సప్పుడు చెయ్యకుంటనే పోతది, పొద్దుగాల ఉంటది, పొద్దుమీకి ఉండదు.

ఒక మాట నా తోటి స్టూడియోలోళ్లకు, వాళ్ల తాన ఫొటోలు తీపిచ్చుకున్నోళ్లకు. ఇయ్యాల ఊరి యాదులన్ని మా డిస్కుల్లనే ఉన్నయి. కొంతమంది పోయినోళ్లు ఆఖరుసారి నవ్వింది మా వీడియోలల్లనే. అయినా ఎన్నేండ్లు దాస్తమో మేం చెప్పం, మీరు అడగరు. అడగాలె. ఆల్బమ్ తీసుకునేటప్పుడే ఒక డిస్క్ ఇచ్చి అసలు ఫైళ్లన్ని ఏసిమ్మని అడుగుండ్రి. నేనిప్పుడు బిల్లు మీదనే రాస్తున్న: ఆల్బమ్ ఇచ్చినంక ఏడాది దాస్త, అటెన్క నా జిమ్మ కాదు. కొందరు మొఖం మాడుస్తున్నరు, కానీ డిస్క్ తెచ్చుకుంటున్నరు.

పీటర్ క్రోగ్ అని అమెరికా ఫొటోగ్రాఫర్ ఒకాయన మూడు-రెండు-ఒకటి అని ఒక లెక్క చెప్పిండు. కాపీలు మూడు, రెండు తీర్ల వస్తువుల మీద, ఒకటి ఇంకో ఊర్ల. మనకు అది పెద్ద ఖర్చు కాదు. గూగుల్ అకౌంట్‌కు 15 జీబీలు ఉచితంగ వస్తయి, మా నాయినమ్మ పాటలకు దాంట్ల మూల కూడ నిండదు. ఒక కాపీ అండ్ల, ఒకటి కొత్త డిస్క్‌ల, ఒకటి తమ్ముని ఇంట్ల హైదరాబాద్‌ల. లగ్గాలకు రెండు డిస్కులు, ఒకటి స్టూడియోల, ఒకటి ఇంట్ల. రెండూ ఒకే సంచిల పెట్టుకొని తిరిగితే అవి రెండు కావు, ఒకటే. ఆరు నెలలకోసారి తీసి రెండు మూడు ఫైళ్లు తెరిచి చూస్తున్న.

పోయిన రెండు పాటల్ల ఒకటి మళ్ల దొరికింది. దుబాయ్‌ల ఉండే మా బావకు, ఒక బతుకమ్మ పండుగనాడు మా అత్త ఫోన్ నుంచి నాయినమ్మ వాట్సాప్‌ల వాయిస్ మెసేజ్ పెట్టిందట. ఆయన ఫోన్లు మూడు మార్చిండు, కానీ ప్రతిసారి చాట్ బ్యాకప్ చేసుకున్నడు. నేను ఈ ముచ్చటంతా చెప్తే వెతికి పంపిండు. ఎన్కల పిల్లల లొల్లి, ఫ్యాన్ సప్పుడు, నడుమల ఆమె దగ్గు. నా మైకుతోటి తీసినంత సాఫ్‌గ లేదు. పాట మొత్తం ఉంది.